వందన మీద పోసిన నీళ్ళు

ఆ ఎండాకాలం మా ఇంటికి ఒకటి పొద్దు చూసుకొని వచ్చేది. గోడ నీడ గోడ మొదట్లోకి ముడుచుకునే వేళకు వచ్చేది. అదే నీడ వాకిట్లో సగం దాకా సాగేసరికి వెళ్ళిపోయేది. ఆ నడుమ ఉన్నంతసేపూ నా భార్య వందన మీద ఉండేది.

మొదటిసారి వచ్చిన రోజు వందన పందిరి కింద బీడీలు చుడుతోంది. పక్కన శంకరవ్వ. ఆమె మా వాడకట్టు చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలామె. చుట్టం కాదు. కానీ వందన పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఇద్దరూ ఒకే పందిరి కింద చాటలు ఒళ్ళో పెట్టుకొని కూచునేవారు. నేను అరుగు మీద గీత కత్తి నూరుకుంటున్నాను. కల్లు కోసం తాళ్ళు గీసేవాడు పొద్దున ఒకసారి, పొద్దు వాలినాక ఒకసారి చెట్లు ఎక్కుతాడు. నడిమధ్యాహ్నం ఇంటి పట్టునే.

"దారం మార్చిన్రా అవ్వా?" అంది వందన.

"ఏం దారం?"

"గీ దారం. మనది ఎర్రదారం గద. గిది బూడిద లెక్కున్నది."

శంకరవ్వ ఉండ తీసి వెలుతురుకు పెట్టి చూసింది. "మంచి ఎర్రగనే ఉన్నది బిడ్డా. కోడిపుంజు జుట్టోలె ఉన్నది."

వందన ఒక కన్ను మూసి చూసింది. అది తెరిచి రెండోది మూసి చూసింది. "గీ కంటికి ఎర్రగున్నది. గీ కంటికి బూడిద."

"మొగని మీద అలిగినవా ఏంది, సగం కండ్లతోనే చూస్తున్నవ్?" అని శంకరవ్వ నా వైపు చూసి నవ్వింది.

వందన నవ్వలేదు. వేళ్ళ నడుమ ఉన్న ఆకు జారింది. అందుకోబోతే చెయ్యి ఆకు దాకా పోలేదు. లేవబోయి కూలబడింది. "ఎవలో ఎనుక నుంచి పట్టుకున్నరు," అంది మెల్లగా. "నడుము సుట్టు. ఇడువుమను వాన్ని."

ఆమె వెనక గోడ ఉంది. గోడకూ ఆమె వీపుకూ మధ్య చెయ్యి పట్టే సందు లేదు.

శంకరవ్వ ఇంకేం అడగలేదు. తునికాకు మెత్తగా ఉండడానికి చుట్టిపెట్టిన తడి గోనెగుడ్డను ఊడదీసి, ఆకు కింద పోసి, ఆ గుడ్డను వందన మెడ చుట్టూ వేసింది. ఇంకొంచెం నీళ్ళు తెచ్చి దాని మీద పోసింది. చాలాసేపటికి వందన వేళ్ళు కదిలాయి. దారం వైపు చూసి, "ఎర్రగనే ఉన్నది," అంది.

కరీంనగర్ తీసుకుపోయాను. తల లోపలా వెన్నుపూసలోనూ ఫోటోలు తీశారు. డాక్టరు చిన్నవాడే, ఓపిక ఉన్న మనిషి. కరెంటు వైరు మీద తొడుగు ఉన్నట్టే నరాల మీదా ఒకటి ఉంటుందని, ఆమెకు అది అక్కడక్కడ ఊడుతోందని చెప్పాడు. ఒళ్ళు వేడెక్కితే అలాంటి నరం పని మానుకుంటుంది. చల్లబడితే మళ్ళీ మొదలుపెడుతుంది. పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. సూదులు రాశాడు.

"నా పేరు కంటె దాని పేరే పెద్దగున్నది," అంది వందన.

"ఎండ తగలనివ్వకండి. ఎలాగైనా చల్లగా ఉంచండి," అన్నాడు ఆయన నాతో.

నేను కిటికీ వైపు చూశాను. ఆయనా చూశాడు. బయట తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

ఆ యేడు వానలు లేక బోర్లన్నీ ఒట్టిపోయాయి. ఊరి చేదబావిలో మాత్రం అడుగున చల్లటి నీళ్ళు మిగిలాయి. మా ఊరు రాయికల్‌కు ఇవతల. అక్కడ ఎండ పై నుంచే రాదు, గుట్ట బండల నుంచీ వస్తుంది, గోడల నుంచీ వస్తుంది. కరెంటు మధ్యాహ్నమే పోయేది కాబట్టి కూలరు ఉన్నా లేనట్టే. వందన పొద్దు పొడవకముందే వంట ముగించేది. చాయ్ చల్లార్చుకొని తాగేది. నేను తలుపులకు గోనెసంచులు కట్టి తడిపేవాణ్ణి. గచ్చు మీద నీళ్ళు చల్లి, ఆ తడిలో ఆమెను పడుకోబెట్టేవాణ్ణి. రెండు రోజులకోసారి కోరుట్ల పోయి ఐస్ గడ్డ తెచ్చి, ఊకలో పెట్టి సంచి చుట్టి దాచేవాణ్ణి. శంకరవ్వ మధ్యాహ్నం బీడీల గంప నెత్తిన పెట్టుకొని కార్ఖానకు పోతూ మా వాకిట్లో ఆగేది. ఒక తడిగుడ్డ వేసి పోయేది.

అయినా అది వచ్చేది. రాకముందే వందనకు తెలిసేది. ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి తల కొంచెం పక్కకు వంచేది, దూరంగా ఎవరో నడిచి వస్తుంటే విన్నట్టు. "అస్తంది," అనేది. తర్వాత కళ్ళు తెరిచే ఉండేవి. నేను ఎదురుగా కూచుంటే నా భుజం పక్కన ఖాళీ వైపు చూసి మాట్లాడేది. నేను ఇటు ఉన్నానని చెప్పేవాణ్ణి కాదు. జరిగి ఆ ఖాళీలో కూచునేవాణ్ణి.

ఆ వేళకు వాడకట్టులో కుక్క కూడా నడవదు. తలుపులన్నీ మూసి ఉంటాయి. ఆ తెల్లటి ఎండలో నడిచే మనిషి శంకరవ్వ ఒక్కతే.

వైశాఖంలో నర్సింగం వచ్చాడు. వందనకు అన్న. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. అక్కడ వాటిని సాంచాలు అంటారు. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోయాయి. బొంబాయి పక్కన భివండి పోదామా, ఇంకెక్కడికైనా పోదామా అని తేలేదాకా చెల్లెలి దగ్గర ఉందామని వచ్చాడు. చాలా ఏళ్ళు ఆ మోతలో నిలబడి చెవులు మందగించాయి. ఏం చెప్పినా అరిచినట్టే చెప్పేవాడు.

పొద్దున వందన అతనికి జొన్నరొట్టె పెట్టి ఆటపట్టించింది. "అన్నా, ఉప్పు సరిపోయిందా?"

"ఆఁ?"

"ఉప్పూ!"

"అప్పు నాకెవలిస్తరు చెల్లె ఇప్పుడు!"

ఆమె విరగబడి నవ్వింది. అతనూ నవ్వాడు. చెల్లెలు బాగానే ఉందనుకున్నాడు. ఆ తర్వాత నీడ గోడ మొదట్లోకి వచ్చింది. అదే సమయానికి శంకరవ్వ వాకిట్లో ఆగి, గోనె తెర కొంచెం జరిపి, లోపలికి తొంగి చూసింది.

"ఎట్లున్నది బిడ్డా?"

ఆమె మాట పూర్తయిందో లేదో వందన చేతిలోని చెంబు జారి గచ్చు మీద దొర్లింది.

నర్సింగం చెంబును చూశాడు. తెరలోంచి వచ్చిన ముసలి ముఖాన్ని చూశాడు. మర్నాడూ చూశాడు. ఆ మర్నాడూ చూశాడు. ఒకనాడు నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, గా ముసల్ది అచ్చినప్పుడే అయితంది."

"పొద్దు నెత్తి మీదికి అచ్చినప్పుడు అయితంది. ఆమె గూడ గప్పుడే అస్తది. కార్ఖాన గప్పుడే తీస్తరు."

"రోగమైతే పొద్దుగాల గూడ ఉండాలె గద? పొద్దుగాల కోడిపిల్లోలె తిరుగుతది. గిదేం రోగం బావా, టైముకు అచ్చి టైముకు పోతది? రోగమా, బస్సా?"

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. నరాలు, తొడుగు, వేడి.

"కరెంటు వైరా? మా చెల్లె ఏమన్న సాంచనా?"

"జెర మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే మాట్లాడుతున్న!" అన్నాడు. అతని లెక్కలో అది గుసగుసే. "గా ముసల్ది మంత్రాలది బావా! కొడుకును మింగింది, ఇప్పుడు మా చెల్లె మీద వడ్డది!"

ఎదురింటి కొమురవ్వ తలుపు సగం తెరుచుకుంది. ఆమె వెనక ఇంకో రెండు ముఖాలు. తర్వాత తలుపు మూసుకుంది, గడియ పడిన చప్పుడు వినిపించింది.

తర్వాత ఎవరూ నాతో ఏమీ అనలేదు. అనకపోవడమే కొత్త. శంకరవ్వ వస్తుంటే పిల్లల్ని లోపలికి పిలవడం మొదలైంది. పిలిచే గొంతులో కోపం లేదు, తొందర ఉంది. మా గడప ముందు ఒకనాడు కోసిన నిమ్మకాయ కనిపించింది. ఎవరు పెట్టారో తెలియదు, మా మంచికే పెట్టి ఉంటారు. కార్ఖానలో ఆమె తెచ్చిన కట్టల్ని ముట్టుకోకుండా పక్కకు జరుపుతున్నారని విన్నాను.

ఒక పొద్దున చెట్టు దిగేసరికి తాటిచెట్టు మొదట్లో శంకరవ్వ కూచొని ఉంది.

"నన్ను జూసి తలుపులెందుకు పెట్టుకుంటున్నరు అంజయ్యా?"

నేను మోకు విప్పుకుంటూ ఉండిపోయాను.

"కొమురవ్వతోని గూడ అడిగిన. మొకం తిప్పుకున్నది. నేను నా కొడుకును మింగిన్నట. కన్నతల్లి మింగుతదా?"

ఆమె కొడుకు ఓదెలు దుబాయ్‌లో బిల్డింగు పనికి పోయి కిందటి యేడు ఎండాకాలంలోనే చనిపోయాడు. పెట్టెలో వచ్చాడు. గుండె ఆగిందని చెప్పారు.

"రాయి అసొంటి పోరడు," అంది. "పొద్దుగాల ఫోన్ల మాట్లాడిండు. మాపటికి లేడు. ఊకెనే గుండె ఎట్లాగుతది అంజయ్యా? నాకైతే తెలుసు. ఎవలో ఏదో జేసిన్రు నా కొడుకుకు. ఆ చేసినోడు ఎవలో నా కండ్ల ముంగట్నే తిరుగుతుండు కావచ్చు."

"ఎండ," అన్నాను. "గాడ ఎండ మన తాన కంటె ఎక్కువ."

"ఎండకైతే గాడున్నోళ్ళందరు జస్తున్నరా?"

నర్సింగం అడిగిన ప్రశ్నకూ ఈ ప్రశ్నకూ పెద్ద తేడా లేదు. రెంటికీ నా దగ్గర ఒకటే మాట ఉంది. అది ఎవరికీ చాలడం లేదు.

"కొన్ని రోజులు మా వాకిట్లకు రాకు అవ్వా. ఎవలతోని ఏం మాట్లాడకు."

"రాకుంటే బిడ్డకు తడిగుడ్డ ఎవలేస్తరు? ఇగ మాట్లాడకుంట ఉండుడు నాతోని అయితదా? నా కడుపుల ఏ ముచ్చట దాగదని నీకెరికే గద."

అయినా నా మాట విని రావడం మానేసింది. కార్ఖానకు కూడా చుట్టు దారిన పోయింది.

ఆమె మానేసిన మర్నాడే మబ్బు పట్టింది. వాన పడలేదు, ఊరికే మూసుకుంది. గాలి చల్లబడింది. నీడ గోడ మొదట్లోకి వచ్చే వేళకు అసలు నీడే లేదు. వందన మధ్యాహ్నమంతా కూచొని బీడీలు చుట్టింది. అలా నాలుగైదు రోజులు. నాకు లోపల భయం పట్టుకుంది. నర్సింగం పొద్దంతా వాకిట్లో కూచొని, మబ్బు వైపు కాదు, వాడకట్టు చివరి వైపు చూస్తున్నాడు.

"చూసినవా బావా," అన్నాడు. అంతే అన్నాడు.

తర్వాత మబ్బు విరిగింది. ఉడుకుతున్న కుండ మీద మూత తీసినట్టు ఎండ వచ్చింది. బిడ్డను చూడక ఉండలేక ఆ మధ్యాహ్నమే శంకరవ్వ గంప నెత్తిన పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చిందట. అప్పుడు నేను ఐస్ కోసం కోరుట్ల పోయాను.

తిరిగొచ్చేసరికి మా వాకిలి నిండా జనం. ఎవరూ అరవడం లేదు. అంతమంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేను చావింట్లో కూడా వినలేదు. అందరికీ కనబడాలని నులక మంచాన్ని నడి వాకిట్లో ఎండలో వేశారు. దాని మీద వందన. కళ్ళు తెరిచి ఉన్నాయి. చేతులు మంచానికి రెండు పక్కలా వేలాడుతున్నాయి.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. మంత్రం పెట్టిందనుకున్న మనిషి చేతనే చేదబావి నీళ్ళు తోడించి రోగి నెత్తిన పోయిస్తారు. రోగి లేస్తే పెట్టింది ఆమే, కాబట్టే తియ్యగలిగింది. లేవకపోతే మొండికేసిందని కొడతారు. మూడో దారి లేదు.

శంకరవ్వ తడిసిన చీరతో కడవ ఎత్తుకొని నిలబడి ఉంది. నర్సింగం ఆమె రెక్క పట్టుకున్నాడు.

"నీడకు తీయిన్రి ఆమెను," అన్నాను.

"నువ్వూకో బావా. పొయ్యి ముసల్దానా!"

శంకరవ్వ పోసింది. నెత్తి మీద, మెడ మీద, ఛాతీ మీద. ఖాళీ కడవ అందుకొని ఇంకొకరు నిండు కడవ చేతికిచ్చారు. "లే బిడ్డా," అంటూ పోస్తోంది. "నా తల్లి, లే." బావి అడుగు నీళ్ళు, చల్లగా మంచం నులకలోంచి కారి ఎండిన నేలలోకి పోతున్నాయి. లేవకుంటే బాగుండునని ఒక క్షణం అనుకున్నాను. లేస్తే ఎంత, లేవకపోతే ఎంత అని వెంటనే తోచింది.

ముందు వేళ్ళు కదిలాయి. తర్వాత గడ్డం పైకి లేచింది. ఆ తర్వాత వందన తల తిప్పి శంకరవ్వను నేరుగా చూసింది.

"అవ్వా, ఏడుస్తున్నవేంది?" అంది.

జనంలో కలకలం లేచింది. ఎవరో "చూసిన్రా" అన్నారు. కొందరు వెనక్కి జరిగారు, కొందరు ముందుకు. నర్సింగం కళ్ళలో నీళ్ళున్నాయి. చెల్లెలు లేచినందుకు వచ్చిన నీళ్ళే అవి. ఆ కళ్ళతోనే సైకిల్ షాపు సామేలు వైపు తిరిగాడు.

"పట్కారు తేపో."

పళ్ళు పీకేస్తే మంత్రం నోట పలకదని మా దిక్కు నమ్మకం. అక్కడితో ఆగడం నేను వినలేదు. సామేలు పరుగెత్తాడు. శంకరవ్వకు ఇంకా అర్థం కాలేదు. కొంగుతో వందన ముఖం తుడుస్తోంది.

"ఆమె కాదు," అన్నాను. "నేను."

"ఏంది?" అన్నాడు నర్సింగం. వినబడలేదు అతనికి. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"పెట్టింది నేను. ఆమెకేం తెల్వది."

కొమురవ్వ ముందుకొచ్చింది. "నీ పెండ్లాం మీద నువ్వెందుకు పెట్టుకుంటవు అంజయ్యా? గదేం మాట?"

మంచి ప్రశ్న. అంత దూరం ఆలోచించలేదు. సామేలు పట్కారుతో వచ్చి నర్సింగం పక్కన నిలబడ్డాడు. వందన ఆ పట్కారును చూసింది. శంకరవ్వ నోటి వైపు చూసింది. మంచం మీద లేచి కూచుంది.

"నేర్సుకుంటుండు," అంది. గొంతులో వణుకు లేదు. "నేర్సుకునేటోడు ముందుగాల ఇంట్ల మనిషి మీదనే చూసుకోవాలెనట. నాతోని చెప్పిండు."

ఆమె అది ఎంత మామూలుగా చెప్పిందంటే నేనే ఒక్క నిమిషం నమ్మాను.

"అయితే పెట్టు," అన్నాడు నర్సింగం. "మా ముంగట పెట్టి, తియ్యి."

వందన నన్ను అడగలేదు. మంచం దిగింది. తడి కొంగు పిండి నడుముకు చెక్కుకొని ఎండలోకి నడిచింది. మా వాకిట్లో బట్టలుతికే బండ ఉంది. దాని దాకా నడిచి, తిరిగి, మళ్ళీ నడిచింది. ఒళ్ళు తొందరగా కాగాలని నడుస్తోందని నాకు తెలుసు. వాళ్ళు మాత్రం నా పెదవులు చూస్తున్నారు. అందుకని పెదవులు కదిలించాను. నాకు ఏ మంత్రమూ రాదు. నా చెట్లకు పేర్లున్నాయి, ప్రతి గీసేవాడి చెట్లకూ ఉంటాయి. గద్ద చెట్టు, జంట చెట్టు, సర్కారు చెట్టు, వంకర తల్లి, చీమల మొద్దు. లోలోపల వాటిని ఒక్కొక్కటిగా అనుకుంటూ పోయాను.

వందన నడక మెల్లగైంది. ఒక పాదం నేల మీద ఈడుస్తోంది. బండ మీద కూచుంది. కాగిన బండ. లేవలేదు. తల కొంచెం పక్కకు వంచింది, విన్నట్టు.

"అస్తంది," అంది.

పెద్దవాళ్ళు కూడా ఒకరి చేతులు ఒకరు పట్టుకోవడం చూశాను. వందన ఎవరినో వెతుకుతున్నట్టు చెయ్యి చాచింది. "అన్నా," అంది, ఎవరూ లేని చోటుకు. ఆ ఒక్క పిలుపు నటన కాదు. భయపడి పిలిచింది.

ఇక పేర్లు పూర్తి చేయలేదు. ఎత్తుకొని పందిరి కింద పడుకోబెట్టాను. ఊక దులిపి ఐస్ గడ్డను కత్తి మడమతో పగలగొట్టి తడిగుడ్డలో పెట్టి మెడకు చుట్టాను. మిగిలిన కడవ నీళ్ళు మీద పోశాను. ఎదురు చూశాం. మొత్తం వాడకట్టు ఎదురు చూసింది. చాలా చాలా సేపు పట్టింది. ఈసారి లేవదేమో అనుకున్నాను.

వందన కళ్ళు నర్సింగం మీద ఆగాయి.

"అన్నా," అంది, "నీ అంగీ గుండీ ఊడింది."

నర్సింగం ఛాతీ తడుముకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నా మొలకు గీత కత్తి ఉంది. దాని మీద నేను చెయ్యి వెయ్యలేదు, కానీ అందరూ దాన్నే చూస్తున్నారు.

"తీసిన," అన్నాను. "మళ్ళ పెట్టను. ఊరిడిసి పోత."

జనం పోయారు. పోయేటప్పుడు నా నీడ తొక్కకుండా చుట్టూ తిరిగి పోయారు. సామేలు పట్కారును జేబులో పెట్టుకొని చివరగా పోయాడు. శంకరవ్వ అక్కడే నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడగానే గంప కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

నర్సింగం చెల్లెల్ని తనతో రమ్మన్నాడు. ఆమె రానంది. "మంత్రగానితోని ఎట్లుంటవే?" అన్నాడు. "మంచిగ చూసుకుంటడు," అంది. అతను ఏడ్చుకుంటూ సిరిసిల్ల బస్సెక్కాడు. అక్కడి నుంచి భివండి పోయాడు.

నా కల్లు ఎవరూ తాగలేదు. కల్లు అమ్మే మండువలో కుండలు పెట్టుకొని కూచుంటే ఈగలు తప్ప ఎవరూ రాలేదు. సాయంత్రం చెట్ల మొదట్లోనే పారబోసేవాణ్ణి. ఎదురుపడ్డవాళ్ళు మాత్రం ముందుకంటే మర్యాదగా మాట్లాడేవారు, ఆ మర్యాద వినలేకపోయాను. ఒక పొద్దున గడప ముందు కొబ్బరికాయ, దాని పక్కన పిల్లవాడి తడి అంగీ ఒకటి పెట్టి ఉంది. జ్వరమొచ్చిన పిల్లవాడిది. ఎవరిదో కనుక్కొని, జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాను. ఆ తండ్రి చేతులు కట్టుకొని విన్నాడు. "నువ్వు పొమ్మన్నవు గద, పోత," అన్నాడు.

కోరుట్లలో ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు గడ్డలు లాగే పనికి మనిషి కావాలన్నారు. వెనక ఒక గది ఇస్తామన్నారు. పోయి చూశాను. గదికీ ఐస్ ట్యాంకుకూ ఒకటే గోడ. చెయ్యి పెడితే తడిగా, చల్లగా ఉంది. వందన వీపు ఆ గోడకు ఆనించి కూచోవచ్చు. తరతరాలుగా గీసిన చెట్లు వదిలి, మంచు లాగడానికి ఒప్పుకున్నాను.

ఎండ ఎక్కకముందే బయలుదేరాలని ఆటోలో మంచం, కుండలు ఎక్కించాం. అప్పుడు శంకరవ్వ వచ్చింది. ఆ రోజు తర్వాత రావడం అదే మొదలు. గడపకు అవతలే నిలబడింది.

"లోపటికి రా అవ్వా," అంది వందన.

ఆమె రాలేదు. నన్నే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది.

"ఒక్క ముచ్చట అడుగుత అంజయ్యా. అబద్ధమాడకు."

"అడుగు."

"మా ఓదెలును గూడ నువ్వేనా?"

ఆటో ఇంజను ఆగి ఉంది.

"అయ్యో అవ్వా, గట్ల కాదు..." అని వందన మొదలుపెట్టింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆగిపోయింది.

కాదు అని ఒక్క మాట అంటే, ఎట్ల కాదు అని అడుగుతుంది. అంతా చెప్పాల్సి వస్తుంది. చెబితే సంబరంగా వాడకట్టంతా తిరిగి, మా అంజయ్య ఏం జెయ్యలేదట, నా కోసం అన్నడట అని ప్రతి గడపకూ చెబుతుంది. ఆమె కడుపులో ముచ్చట దాగదు. అప్పుడు మేము కోరుట్లలో ఉంటాం. ఆమె ఇక్కడ ఉంటుంది. సామేలు దుకాణమూ ఇక్కడే ఉంటుంది.

ఆమె జవాబు కోసం కొంగు తీసింది. నోట్లో పళ్ళు కనబడుతున్నాయి, తంబాకుకు గార పట్టి, అన్నీ ఉన్న పళ్ళు.

నేను మాట్లాడలేదు.

ఆమె వంగి మా వాకిట్లో మట్టి రెండు చేతులా ఎత్తి నా మీద పోసింది.

"నా కొడుకు నీకేం జేసిండురా! నీ చేతులు పడిపోను! నీ నోట్ల మన్ను వడ! రాయి అసొంటి పోరన్ని తిన్నవు గదరా!"

వందన ముఖం గోడకు తిప్పుకుంది. శంకరవ్వ నన్ను తిడుతూ, రొమ్ము కొట్టుకుంటూ, నడి వాడకట్టులోంచి నడిచింది. ఒక్కొక్క తలుపే తెరుచుకోవడం నేను మా వాకిట్లోంచి చూశాను. అందరికంటే మొదట గడియ వేసుకున్న కొమురవ్వే మొదట బయటికొచ్చింది. శంకరవ్వ రెక్క పట్టుకొని తన అరుగు దగ్గరికి నడిపించింది. అరుగు మీద ఉన్న తన చాటను పక్కకు జరిపింది.

"ఏడువకు శంకరవ్వా. రా, ఈడ కూసో," అంది.

శంకరవ్వ కూచుంది.